హెచ్‌ఓఏ నుంచి చెత్త బిన్ గురించి లెటర్ వస్తే: బిన్ ఎక్కడ పెట్టాలి, జవాబు ఏం రాయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. డల్లాస్ శివార్లలో ఈ మధ్యే ఇల్లు కొన్నారు. గరాజ్ రెండు కార్లకే సరిపోతోంది కాబట్టి ట్రాష్ బిన్నూ, రీసైక్లింగ్ బిన్నూ ఇంటి పక్కన, గేటుకి ఇవతల పెట్టుకున్నారు. ‘బిన్లు వీధిలోకి కనబడుతున్నాయి, పది రోజుల్లో తీయకపోతే ఫైన్’ అని హెచ్‌ఓఏ (హోమ్‌ఓనర్స్ అసోసియేషన్, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) లెటర్ పంపింది. వీధిలో సగం మంది అలాగే పెట్టారు కదా మాకే ఎందుకు, మా స్థలంలో మా బిన్ పెట్టుకుంటే అడగడానికి వీళ్లెవరు అని మీ కోపం. పైగా ఫ్లోరిడాలో ఉన్న మీ బావమరిది ‘24 గంటల చట్టం ఉంది, ఫైన్ వేయలేరు’ అన్నారు.

నేను టెక్సస్‌లోనే మా కమ్యూనిటీ బోర్డులో కొన్నేళ్లు పనిచేశాను. ఇలాంటి లెటర్లు పంపిన వైపు కూర్చున్నవాణ్నే కాబట్టి అటు నుంచి ఎలా కనబడుతుందో కూడా చెప్తాను. నేను లాయర్ని కాను, మీ పేపర్లు చూడలేదు, అది గుర్తుంచుకుని చదవండి.

అడిగే హక్కు వాళ్లకి దాదాపు ఖాయంగా ఉంటుంది. అయితే ఫైన్ వేయాలంటే వాళ్లు దాటాల్సిన మెట్లు చాలా ఉన్నాయి, మీ చేతిలో ఉన్న లెటర్ బహుశా ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. కాబట్టి టెన్షన్ పడకండి. అలాగని పక్కన పడేయకండి కూడా.

మనవాళ్లు ఎక్కువగా కన్‌ఫ్యూజ్ అయ్యేది ఒక దగ్గర. బిన్ మీద ఇద్దరి పెత్తనం ఉంటుంది, ఒకటి సిటీది, రెండోది హెచ్‌ఓఏది. సిటీ వాళ్ల పట్టింపు వేరు: బిన్ ఎప్పుడు బయటికి తేవాలి, ఎప్పటికల్లా లోపలికి తీసుకెళ్లాలి, మూత మూసి ఉందా, సైడ్‌వాక్‌కి అడ్డం వచ్చిందా, ఇంటి వెనక సందు (ఆలీ) వైపు పెట్టాలా ముందు వైపు పెట్టాలా. ఇవి సిటీ ఆర్డినెన్సులో, సాలిడ్ వేస్ట్ అనే చాప్టర్‌లో ఉంటాయి, సిటీ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల్లో దొరుకుతాయి. కొన్ని సిటీలు మిగతా రోజుల్లో బిన్ ఎక్కడుండాలో కూడా రాస్తాయి, కొన్ని ఆ ఊసే ఎత్తవు. హెచ్‌ఓఏ పట్టింపు మాత్రం చూపు గురించి. వీధిలోంచి కనబడకూడదు, అంతే. సిటీ వాళ్లకి ఫోన్ చేసి ‘మా దగ్గర అలాంటి రూల్ లేదండీ’ అనిపించుకుని అదే ముక్క హెచ్‌ఓఏకి రాసేవాళ్లు ఉంటారు. బోర్డులో అలాంటి ఈమెయిల్ వస్తే మేము చదివి పక్కన పెట్టేవాళ్లం. సిటీ ఊరుకుందని హెచ్‌ఓఏ ఊరుకోవాలని లేదు, ఎందుకంటే ఇల్లు కొన్నప్పుడు మీరు సంతకం చేసిన కాగితాల కట్టలో డీడ్ రిస్ట్రిక్షన్లకి, అంటే ఇంటి దస్తావేజుతో పాటే వచ్చే షరతులకి, ఒప్పుకున్నట్టే లెక్క.

కాబట్టి మొదటి పని, లెటర్‌లో ఏ డాక్యుమెంట్, ఏ సెక్షన్ కింద అని రాశారో చూడండి. సాధారణంగా మూడు రకాలుంటాయి: అసలు డిక్లరేషన్, అంటే సీసీ అండ్ ఆర్‌లు (కమ్యూనిటీలో ఇళ్లన్నిటికీ వర్తించే మూల షరతుల పత్రం), దాని కింద బోర్డు చేసుకున్న రూల్స్, ఆ తర్వాత డిజైన్ గైడ్‌లైన్స్. టెక్సస్‌లో ఇలాంటి డాక్యుమెంట్ ఏదైనా కౌంటీ రికార్డుల్లో ఫైల్ అయితేనే చెల్లుతుంది, ప్రాపర్టీ కోడ్ 202.006 ఆ మాటే చెప్తుంది. మేనేజ్‌మెంట్ కంపెనీ అమ్మాయి ఈమెయిల్‌లో ‘మా పాలసీ ఇది’ అంటే అది పాలసీ అయిపోదు. మేనేజ్‌మెంట్ కంపెనీ నడిపే అసోసియేషన్లు ఈ డాక్యుమెంట్లన్నీ తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి, కాబట్టి డౌన్‌లోడ్ చేసుకుని ‘కంటైనర్’, ‘రిసెప్టకిల్’, ‘గార్బేజ్’, ‘స్క్రీన్’ అన్న మాటలతో వెతకండి. ‘ట్రాష్ బిన్’ అని వెతికితే దొరక్కపోవచ్చు, ఆ పాతకాలపు లాయర్ల భాషలో బిన్ అనే మాటే ఉండదు.

దొరికాక ఆ వాక్యాన్ని నిదానంగా, ఒక్కో మాటా పట్టుకుని చదవండి, మీ కేసంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ‘వీధిలోంచి కనబడకూడదు’ అని ఉందా, ‘వీధిలోంచి గానీ పక్క లాట్ నుంచి గానీ కనబడకూడదు’ అని ఉందా, ‘గరాజ్‌లో లేదా ఫెన్స్ వెనక ఉండాలి’ అని ఉందా, ‘ఆమోదించిన స్క్రీన్ (అడ్డు ప్యానెల్) వెనక ఉండాలి’ అని ఉందా? నాలుగూ ఒకేలా వినిపిస్తాయి కానీ నాలుగింటికీ పరిష్కారాలు వేరు. మొదటిదైతే నాలుగడుగుల అడ్డు చాలు. రెండోదైతే పక్కింటి వాళ్ల డ్రైవ్‌వే వైపు కూడా కప్పాలి. మూడోదైతే స్క్రీన్ కట్టినా లాభం లేదు, గేటు లోపలికి తీసుకెళ్లాల్సిందే. నాలుగోదైతే కట్టే ముందు అప్రూవల్ తప్పనిసరి. లెటర్‌లో ‘విజిబుల్ ఫ్రమ్ స్ట్రీట్’ అని ఒక్క ముక్కే ఉంటుంది, ఎందుకంటే ఆ లెటర్ ఒక డ్రాప్‌డౌన్ మెనూలోంచి వస్తుంది. ఇన్‌స్పెక్టర్ కారులో వెళ్తూ ఫోటో తీసి కోడ్ నొక్కితే మిగతాది సాఫ్ట్‌వేర్ రాసేస్తుంది. మీ మీద కక్ష ఉండి కాదు.

ఇక ఫైన్ సంగతి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్ ప్రకారం మీకు ఫైన్ వేయాలంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అదీ పంపినట్టు రుజువుండే పోస్టులో. అందులో తప్పేమిటో, ఏ తేదీలోగా సరిచేయాలో రాయాలి, నోటీసు పోస్టు చేసిన రోజు నుంచి 30 రోజుల్లోగా మీరు హియరింగ్ అడగొచ్చని కూడా చెప్పాలి. బిన్ లాంటిది సరిచేయగలిగిన తప్పు కిందికే వస్తుంది కాబట్టి, ఆ గడువులోపు సరిచేస్తే ఫైన్ వేయకూడదు. మామూలు స్టాంపుతోనో ఈమెయిల్‌లోనో వచ్చి, హియరింగ్ ఊసు లేని లెటర్ అయితే అది ‘కర్టసీ నోటీస్’, అంటే మర్యాదగా చెప్పి చూడటం. దాని మీద ఫైన్ పడదు. మీరు రాసినదాన్ని బట్టి మీది అదే అనిపిస్తోంది, కవర్ మరోసారి చూసుకోండి.

ఇంకొకటి, 2024 జనవరి 1 నుంచి టెక్సస్‌లో ఫైన్లు వేసే అసోసియేషన్ ఏ రకం తప్పుకి ఎంత ఫైనో చెప్పే పాలసీని రాసిపెట్టుకోవాలి, దాన్ని సభ్యులకి అందుబాటులో ఉంచాలి. ‘మీ ఫైన్ పాలసీ కాపీ పంపండి’ అని ఒక్క లైన్ రాయండి. గొడవ పెట్టుకోవడానికి కాదు. ఆ ఒక్క లైన్‌తో అవతలి వాళ్లకి ఈయన చదువుకుని మాట్లాడుతున్నాడు అని అర్థమవుతుంది, ఆ తర్వాత వచ్చే లెటర్ల భాష మారడం నేను చూశాను.

హియరింగ్ అడిగితే బోర్డు 30 రోజుల్లోపు పెట్టాలి, తమ దగ్గరున్న ఫోటోలూ కాగితాలూ మీకు కనీసం 10 రోజుల ముందు ఇవ్వాలి. ఇవ్వకపోతే 15 రోజుల వాయిదా మీ హక్కు. అయితే బిన్ కోసం హియరింగ్ దాకా వెళ్లడం నాకు పెద్దగా నచ్చదు. ఒకే ఒక్క సందర్భంలో వెళ్లమంటాను: మీరు సరిచేశాక కూడా పాత ఫోటో పట్టుకుని ఫైన్ వేస్తే. అప్పుడు తేదీ ఉన్న మీ ఫోటోలతో వెళ్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఆరు నెలల మెలిక ఒకటుంది, ఇది చాలామందికి తెలియదు. ఒకసారి సరైన నోటీసు ఇచ్చి, సరిచేసుకునే గడువు కూడా ఇచ్చాక, ఆరు నెలల్లోపు అదే తప్పు మళ్లీ చేస్తే ఇంకో గడువు ఇవ్వక్కర్లేదు. అంటే లెటర్ రాగానే బిన్ లోపల పెట్టి, నెల తర్వాత సీన్ చల్లబడిందిలే అని మళ్లీ పాత చోటికి తెచ్చేవాళ్లకి ఈసారి తిన్నగా ఫైనే వస్తుంది. బోర్డులో మా దగ్గర పడిన బిన్ ఫైన్లలో చాలా వరకు ఈ బాపతువే.

భయపెట్టే వాట్సాప్ మెసేజీల గురించి కూడా ఒక మాట. బిన్ ఫైన్ కట్టకపోతే ఇల్లు వేలం వేస్తారు అని తిరుగుతుంటుంది. టెక్సస్‌లో బాకీ మొత్తం ఫైన్లదీ, ఆ ఫైన్ల కోసం పెట్టిన లాయర్ ఖర్చులదీ మాత్రమే అయితే హెచ్‌ఓఏ ఫోర్‌క్లోజర్‌కి వెళ్లడానికి వీల్లేదు. కానీ కోపంలో ఏడాది డ్యూస్ (హెచ్‌ఓఏకి కట్టే ఫీజు) ఆపేశారనుకోండి, అది వేరే కథ, అక్కడ వాళ్లకి నిజంగానే అధికారం ఉంది. బిన్ గొడవ బిన్ దగ్గరే ఉంచండి, డ్యూస్ మాత్రం టైముకి కట్టేయండి.

మీ బావమరిది చెప్పింది నిజమే, కాకపోతే ఆయన రాష్ట్రంలో. ఫ్లోరిడాలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, చెత్త తీసుకెళ్లే రోజుకి లేదా టైముకి ముందూ వెనకా 24 గంటల్లోపు బిన్ కర్బ్ (రోడ్డు అంచు) దగ్గరో డ్రైవ్‌వే చివరో ఉందని హెచ్‌ఓఏ ఫైన్ వేయకూడదు. అది కర్బ్ దగ్గర ఉంచడం గురించి. వారమంతా ఇంటి పక్కన కనబడేలా పెట్టుకోవడం గురించి కాదు. కాబట్టి మీరు ఫ్లోరిడాలో ఉన్నా ఈ కేసుకి అది పనికిరాదు.

రాష్ట్రం మారితే లెక్క ఎంత మారుతుందో చూడండి. వర్జీనియాలో చట్టమే ఒక్క తప్పుకి 50 డాలర్లు, కొనసాగే తప్పుకి రోజుకి 10 డాలర్ల చొప్పున 90 రోజుల వరకు అని పరిమితి పెట్టింది. నార్త్ కరోలినాలో హియరింగ్ తర్వాత 100 డాలర్ల వరకు వేయొచ్చు, నిర్ణయం వచ్చిన ఐదు రోజుల తర్వాత కూడా బిన్ అక్కడే ఉంటే రోజూ వేస్తూ పోవచ్చు, అందుకే కేరీ, మోరిస్‌విల్ వైపు ఉన్నవాళ్లు నాన్చకూడదు. కాలిఫోర్నియాలో 2025 మధ్య నుంచి, ఆరోగ్యానికో భద్రతకో సంబంధం లేని తప్పు అయితే ఫైన్ 100 డాలర్లు దాటకూడదు, హియరింగ్‌లోపు సరిచేస్తే అసలు వేయకూడదు. అక్కడ ఇంకో తలనొప్పి ఉందిలెండి, 2022 నుంచి తడి చెత్త వేరు చేయాలన్న చట్టం వల్ల చాలా ఇళ్లకి మూడు బిన్లు, చోటు సమస్య మనకంటే ఒకటిన్నర రెట్లు. న్యూయార్క్ సిటీ కథ పూర్తిగా వేరు. అక్కడ చిక్కు సిటీతోనే. 2024 నవంబర్ 12 నుంచి తొమ్మిది యూనిట్ల వరకు ఉన్న ఇళ్లవాళ్లు చెత్తని మూత గట్టిగా పడే 55 గ్యాలన్ల లోపు బిన్‌లోనే పెట్టాలి, దాన్ని సాయంత్రం 6 తర్వాతే బయట పెట్టాలి, తప్పితే మొదటిసారి 50 డాలర్లు, తర్వాత 100, ఆ తర్వాత 200. కాబట్టి వేరే రాష్ట్రంలో ఉన్న చుట్టం చెప్పిన రూల్‌ని మీ లెటర్‌కి జవాబుగా రాయొద్దు.

సరే, అసలు బిన్ ఎక్కడ పెట్టాలి? మీకు మూడు దారులున్నాయి, నా ఓటు గేటు లోపల సైడ్ యార్డ్‌కి.

టేప్ తీసుకుని కొలవండి. సిటీ ఇచ్చే పెద్ద బిన్ 95 లేదా 96 గ్యాలన్లది. ఎత్తు దాదాపు 46 అంగుళాలు, వెడల్పు ఒక 29, లోతు 35 దాకా ఉంటుంది, కంపెనీని బట్టి ఒకటి రెండు అంగుళాలు అటూఇటూ. రెండు బిన్లు పక్కపక్కన పెట్టాలంటే ఆరడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు కావాలి. సైడ్ గేటు మామూలుగా 36 అంగుళాలుంటుంది కానీ గొళ్లెం, కీలు పోగా వచ్చే ఖాళీ ఇంకా తక్కువ, కాబట్టి బిన్‌ని ఒకసారి నిజంగా తోసి చూడండి. గేటు నేలకి రాసుకుంటుంటే కీళ్లు ముందు బిగించండి. ప్రతివారం గేటుతో కుస్తీ పట్టాల్సి వస్తే మూడో వారానికి బిన్ మళ్లీ బయటే ఉంటుంది, మనుషులం కదా.

తర్వాత నేల. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న నల్లటి బంకమట్టి వాన పడిందంటే చక్రాల్ని పట్టేసుకుంటుంది. గులకరాళ్లు పోయొద్దు, నిండు బిన్ వాటి మీద దొర్లదు, దిగబడుతుంది. గేటు నుంచి బిన్ చోటు దాకా వెడల్పు కాంక్రీట్ పేవర్లు, రెండు చక్రాలూ వాటి మీదే ఉండేలా పరచండి. అయితే సైడ్ యార్డ్ మధ్యలో నీళ్లు పోవడానికి బిల్డర్ వదిలిన పల్లం ఉంటుంది, దాన్ని మాత్రం పూడ్చొద్దు. పూడిస్తే వాన నీళ్లు మీ పునాది వైపో, పక్కింటి వైపో తిరుగుతాయి, అప్పుడు వచ్చే లెటర్ ముందు ఈ బిన్ లెటర్ ఎంత అనిపిస్తుంది.

ఏసీ కండెన్సర్‌కి చుట్టూ రెండడుగులు వదలండి. గ్యాస్ మీటర్‌కి, కరెంటు ప్యానెల్‌కి అడ్డం పెట్టొద్దు. డ్రయర్ గాలి బయటికొచ్చే గొట్టం ముందు పెడితే ఆ వేడికి వాసన రెట్టింపవుతుంది. బెడ్‌రూమ్ కిటికీ కింద వద్దని వేరే చెప్పక్కర్లేదు, మీదే కాదు, పక్కింటి వాళ్లది కూడా చూడండి, ఎందుకంటే హెచ్‌ఓఏకి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు పక్కింటి నుంచే వస్తాయి. నిప్పు సంగతి కూడా చూసుకోండి. ఒకటిన్నర క్యూబిక్ యార్డు, దాన్ని మించిన పెద్ద డంప్‌స్టర్లని మండే గోడలకి ఐదడుగుల లోపు పెట్టకూడదని ఫైర్ కోడ్ చెప్తుంది. మన 96 గ్యాలన్ల బిన్ అర యార్డు కూడా ఉండదు కాబట్టి ఆ రూల్ మనకి వర్తించదు, కానీ నిప్పుకి ఆ కొలతలు తెలియవు. హోమం బూడిద, బార్బెక్యూ బొగ్గులు, దీపావళి అయ్యాక మిగిలిన టపాసుల చెత్త, ఇవన్నీ బాగా తడిపి, ఒక రోజంతా చల్లారనిచ్చి, అప్పుడే బిన్‌లో వేయండి. పాత ఫోన్లు, పవర్ బ్యాంకులు బిన్‌లో అసలు వేయొద్దు. లిథియం బ్యాటరీ నలిగితే ట్రక్కే అంటుకుంటుంది, అలా జరుగుతూనే ఉంది.

రెండో దారి, ఇప్పుడున్న చోటే ఉంచి ముందు ఒక స్క్రీన్ కట్టడం. బిన్ 46 అంగుళాలు, నాలుగడుగుల ప్యానెల్ అంటే 48. కప్పుతుంది, కానీ రెండంగుళాలే మిగులు. నేల ఎత్తుపల్లాలుంటే మూత పైకి కనబడుతుంది, కాబట్టి కట్టే ముందు ఒక అట్టపెట్టెని ఆ ఎత్తులో నిలబెట్టి చూడండి. చూడటం కూడా మీ డ్రైవ్‌వే నుంచి కాదు. వీధికి అవతలి సైడ్‌వాక్ మీద నిలబడి, ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి చూడండి, తర్వాత కారులో నెమ్మదిగా వెళ్తూ చూడండి, ఇన్‌స్పెక్టర్ చూసేది అలాగే. జాలీ ప్యానెల్ అయితే సందుల్లోంచి బిన్ రంగు తెలుస్తుంది, కొందరు ఇన్‌స్పెక్టర్లు దాన్నీ ‘విజిబుల్’ అనే రాస్తారు. మొక్కలు నాటుతాం అంటారు కొందరు. మంచిదే, కానీ పొద ఎదిగేదాకా ఇన్‌స్పెక్టర్ ఆగడు. మూతలున్న రెడీమేడ్ షెడ్డు కొంటే బిన్ మూత పూర్తిగా తెరుచుకునే ఎత్తు ఉందో లేదో చూసి కొనండి, లేకపోతే చెత్త వేసిన ప్రతిసారీ బిన్ బయటికి లాగాలి.

స్క్రీన్ అంటే హెచ్‌ఓఏలో ఇంటి బయటి మార్పుల్ని చూసే ఆర్కిటెక్చరల్ కమిటీ అప్రూవల్ కావాల్సిందే, చిన్న ప్యానెల్ అయినా సరే. ఫారంతో పాటు ఇంటి ప్లాట్ మ్యాప్ మీద పెన్నుతో చోటు గుర్తుపెట్టి, ఎత్తు, పొడవు, మెటీరియల్, రంగు రాసి, ఫెన్స్ ఫోటో ఒకటి జోడించి ‘ఇదే రంగు’ అని రాయండి. కమిటీ వాళ్లు వాలంటీర్లు, రాత్రి తొమ్మిదింటికి పిల్లల్ని పడుకోబెట్టి ఈ ఫారాలు చూస్తారు. వివరాలన్నీ ఉన్న ఫారం ఆ రాత్రే అయిపోతుంది, లేనిది వచ్చే మీటింగ్‌కి పోతుంది. టెక్సస్‌లో కమిటీ కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, బోర్డుకి అప్పీల్ చేసుకునే హక్కు మీకుంటుంది.

మూడోది గరాజ్. మీరు చోటు లేదన్నారు, టెక్సస్ ఎండాకాలంలో ఆ వాసన భరించడం కూడా కష్టమే. అయినా చేయక తప్పకపోతే, సిటీకి ఫోన్ చేసి 64 లేదా 65 గ్యాలన్ల చిన్న బిన్ ఇస్తారేమో అడగండి, చాలా సిటీలు మార్చి ఇస్తాయి. నలుగురున్న ఇంటికి రీసైక్లింగ్ సరిగ్గా చేస్తే అది చాలు. వాటర్ హీటర్ గరాజ్‌లో ఉంటే బిన్‌ని దానికి ఆనించొద్దు. వాసన విషయానికొస్తే దాని మూలం రొయ్యల పొట్టు, చేప వ్యర్థాలు, చికెన్ ప్యాక్ కింద ఉండే ఆ రక్తం ఇంకిన ప్యాడ్, ఈ మూడే. వాటిని జిప్ కవర్లో వేసి ఫ్రీజర్లో పెట్టి, ట్రక్ వచ్చే పొద్దున బిన్‌లో వేయండి. పప్పు, చారు, మజ్జిగ లాంటి నీళ్లని సింకులో వంపేసి గట్టిదే కవర్లో కట్టండి. ఎండాకాలంలో ఈగ గుడ్డు వారం పది రోజుల్లో ఈగ అయిపోతుంది కాబట్టి ఒక్క వారం పికప్ తప్పినా బిన్‌లో పురుగులు తిరుగుతాయి, సగమే నిండింది కదా వచ్చేవారం పెడదాం అనుకోవద్దు. బిన్ కడిగిన నీళ్లు వీధి డ్రెయిన్‌లోకి వదలకండి, చాలా సిటీలు ఒప్పుకోవు, గడ్డి మీద పోయండి.

పికప్ రోజు సంగతి చిన్నదే. ట్రక్ చెయ్యి చాచి ఎత్తే రకం అయితే మూత తెరుచుకునే వైపు వీధికి, చక్రాలు ఇంటి వైపుకి ఉండాలి, బిన్‌కీ బిన్‌కీ మధ్య, మెయిల్‌బాక్స్‌కీ కారుకీ మూడు నాలుగడుగులు వదలాలి. సైడ్‌వాక్ మీద పెట్టొద్దు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు రోడ్డెక్కాల్సి వస్తుంది, అది సిటీ ఊరుకోని విషయం. ఇండియా వెళ్తుంటే పక్కింటి వాళ్లకి చెప్పి వెళ్లండి. వెళ్లే రోజు పొద్దున పెట్టిన బిన్ నెల రోజులు కర్బ్ మీదే ఉంటే లెటర్ సంగతి అలా ఉంచి, ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. అన్నట్టు, కర్బ్ దగ్గర పెట్టిన చెత్త మీద మీకు ప్రైవసీ ఉండదు. దాన్ని పోలీసులు వారంట్ లేకుండా వెతకొచ్చని 1988లో కాలిఫోర్నియా వర్సెస్ గ్రీన్‌వుడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పోలీసుల సంగతి మనకెందుకులే అనుకున్నా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐ-797 (ఇమ్మిగ్రేషన్ నోటీసు) జిరాక్సులు ముక్కలు చేయకుండా వేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

‘అందరూ పెడుతున్నారు, మాకే ఎందుకు’ అన్నదానికి వస్తే, అది న్యాయమైన ప్రశ్నే కానీ బలమైన వాదన కాదు. టెక్సస్ చట్టం అసోసియేషన్ నిర్ణయం సబబైనదే అని మొదలుపెడుతుంది, అది అడ్డగోలుగానో వివక్షతోనో ఉందని చూపించాల్సింది మీరు. పైగా మిగతావాళ్లకి లెటర్లు రాలేదని మీకెలా తెలుసు? ఒకరికి పంపిన లెటర్ బోర్డు ఇంకొకరికి చూపించదు. పక్కింటి అడ్రసులు లిస్టు రాసి పంపేవాళ్లని చూశాను. మీ ఫైన్ ఆగదు, వీధిలో మాటలు మాత్రం ఆగిపోతాయి. ‘ఈ రూల్ అందరికీ ఒకేలా అమలు చేస్తున్నారని ఆశిస్తున్నాను’ అని ఒక్క వాక్యం రాసి వదిలేయండి, రేపు అవసరమైతే రికార్డులో ఉంటుంది. ఒక్క రంగు వాళ్లకో, ఒక్క దేశం వాళ్లకో మాత్రమే లెటర్లు వస్తున్నాయని నిజంగా అనిపిస్తే అది బిన్ సమస్య కాదు, ఫెయిర్ హౌసింగ్ చట్టం (ఇళ్ల విషయంలో వివక్షని నిషేధించేది) సమస్య, అప్పుడు లాయర్ని కలవండి. అలాగే ఇంట్లో ఉన్నవాళ్లకి వైకల్యం వల్ల బిన్ లాగడం కష్టమైతే అదే చట్టం కింద హెచ్‌ఓఏని మినహాయింపు అడగొచ్చు, చాలా సిటీలు ఇంటి దగ్గరికే వచ్చి బిన్ తీసుకెళ్లే సర్వీసు కూడా ఇస్తాయి.

అద్దెకుంటున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, లెటర్ మీ ఓనర్‌కి వెళ్తుంది, లీజులో రాసుకుంటే ఫైన్ మీ మీదికొస్తుంది. స్క్రీన్ ఖర్చు ఓనర్‌ది, బిన్ లోపల పెట్టే పని మీది, అలా మాట్లాడుకోండి.

మీరు ఈ వారం చేయాల్సింది, ఈరోజే రెండు బిన్లూ తాత్కాలికంగా గేటు లోపలికి తోసేయండి, బురదైనా సరే. వీధికి అవతలి నుంచి తేదీ పడేలా ఫోటో తీయండి. మేనేజ్‌మెంట్ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, పెద్ద వ్యాసం అక్కర్లేదు: ‘మీ ఫలానా తేదీ లెటర్ అందింది. బిన్లు ఈరోజు వీధిలోకి కనబడకుండా మార్చాము, ఫోటో జతచేశాము. దీన్ని క్లోజ్ చేసినట్టు కన్ఫర్మ్ చేయండి. లెటర్‌లో చెప్పిన రూల్ ఏ డాక్యుమెంట్‌లో ఏ సెక్షనో, మీ ఫైన్ పాలసీ కాపీతో పాటు పంపగలరు.’ క్లోజ్ చేశామన్న జవాబు వచ్చేదాకా వదలకండి, ఎందుకంటే వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ క్లోజ్ నొక్కకపోతే రెండో లెటర్ దానంతటదే వెళ్తుంది. పేవర్లా స్క్రీనా అన్నది తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మీ ఇల్లు కార్నర్ లాట్ అవునో కాదో, ఫెన్స్ ఇంటి ముందు గోడకి ఎంత వెనక మొదలవుతుందో మీరు రాయలేదు. అది చెప్పి, లెటర్‌లో ఉన్న సెక్షన్ వాక్యం యథాతథంగా పెట్టండి, పేర్లూ అడ్రసూ తీసేసి. కార్నర్ అయితే రెండు వీధుల నుంచీ చూడాలి, స్క్రీన్ ఏ వైపు తిప్పాలో అప్పుడు చెప్తాను.